శుభ్రం చేస్తే మాయమైన పెళ్లి

మార్కాపురంలో కుదరబోయే సంబంధాలు చెడగొట్టడానికి జాతకాలూ చుట్టాలూ చాలవన్నట్టు నేనొక కంప్యూటర్ కూడా కొన్నాను. ఆ రోజుల్లో నాకు తెలియని విద్య లేదు. అనుమానముంటే నన్నే అడిగి ఉండాల్సింది, నేనే చెప్పేవాణ్ణి.

మా వీడియో స్టూడియోలో ఓబుల్‌రెడ్డి మామ పెద్దకూతురి పెళ్లి వీడియో తయారవుతోంది. ఆయన చిన్నకూతురు శ్రావణిని మావాళ్లు నాకు అడిగారు. "ముందు వీడియో చూపియ్యి అల్లుడా, మాట తర్వాత" అన్నాడాయన. అంటే ఆ వీడియోలో ఉన్నది ఒక పెళ్లి కాదు, రెండు.

కంప్యూటరేమో నత్తలా నడుస్తోంది. లోపల జంటగా కట్టిన రెండు హార్డ్ డిస్కులు. చెల్లాచెదురైన ఫైళ్లను డీఫ్రాగ్ చేసి సర్దితే వేగం పెరుగుతుందని ఎక్కడో చదివాను. రైతుబిడ్డను కదా, జోడెద్దులను కాడి విప్పి ఒక్కోదాన్ని కడిగినట్టు డిస్కులనూ విడదీసి సర్దాలనుకున్నాను.

"బ్యాకప్ ఉందా?" అన్నాడు నా భాగస్వామి ఖాదర్.

"రెండు డిస్కులుండాయి గదరా. ఒకటి అసలు, ఇంకోటి నకలు. మళ్లీ బ్యాకప్ ఏంది?"

మొదటి డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదంటామా? సరేనన్నాను. డిస్కు కడిగిన పళ్లెంలా తయారైంది. తర్వాత రెండోది తెరిచాను. అందులో పెళ్లీ లేదు, పందిరీ లేదు.

అవి అసలూ నకలూ కావని అప్పుడు తెలిసింది. వేగం కోసం ప్రతి వీడియోనూ ముక్కలు చేసి, ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు పెట్టుకున్నాయట. సగం తుడిచేస్తే మిగతా సగం ఎందుకూ కొరగాదు. కెమెరా కార్డుల మీద అప్పటికే వెలిగండ్ల ఊళ్లో తీసిన ఇంకో పెళ్లి ఎక్కేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను డిస్కు తుడిచాక కంప్యూటర్ పుస్తకం పట్టుకున్నాను.

చుట్టాల ఫోన్లన్నీ అడుక్కుని, దొరికిన ముక్కలు అతికించి, ఖాదర్‌ను పక్కన పెట్టుకుని మామకు చూపించాను.

"తాళి కట్టేదేది?"

"పెద్దమ్మ భుజం అడ్డమొచ్చింది మామా."

"అప్పగింతలు?"

"ఏడుస్తా ఫోను ఎవరు పట్టుకుంటారు మామా?"

"మరి ఇంతసేపు ఉండేదేంది?"

"భోజనాల బంతి. అందరూ అదే తీసినారు."

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. మామ మీసం దువ్వుకున్నాడు.

"నిజమే చెప్పినావు. పిల్లనిస్తా."

నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా అన్నట్టు ఖాదర్ వైపు చూశాను.

"మీ పెళ్లి వీడియో మాత్రం గిద్దలూరు స్టూడియోవోళ్లకిస్తా. కెమెరా కాడికి పోయినావంటే పీటల మీంచి లేపుతా."

ఆ పీటల మీదే, గిద్దలూరు కెమెరా నా ముఖం మీదుండగా, అగ్నిసాక్షిగా మనసులో ఇంకో ప్రమాణం చేసుకున్నాను: జతకట్టిన డిస్కులను ఈ జన్మలో విడదీయను, ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ ఎంత మర్యాదగా అడిగినా తలూపను.