లామినేషన్ చేసిన చీటీ

మల్కాపురంలో నా క్లినిక్ టేబుల్ పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి పోర్టు బొగ్గుపొడితో మళ్ళీ నల్లబడుతుంది. అలాంటి చోట ఉబ్బసానికి మందు రాయడం చేతికి అలవాటైపోతుంది. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మూడేళ్ళ కిందట పోర్టులో బొగ్గు దగ్గర పనిచేసే ఒకతను ఆయాసపడుతూ వచ్చాడు. బయట ఇసకేస్తే రాలనంత జనం. ఆయాసం వచ్చినప్పుడు రెండుసార్లు పీల్చమని నీలం ఇన్‌హేలర్ ఒక్కటే రాశాను. అది అప్పటికి ఊపిరి ఆడిస్తుందే గాని లోపలి వాపును తగ్గించదు. దానికి రోజూ పీల్చే మందు వేరే ఉంది. ఈసారి వచ్చినప్పుడు రాద్దాంలే అనుకున్నాను. మళ్ళీ రమ్మని చీటీలో రాయలేదు. అతను రాలేదు. తగ్గిపోయి ఉంటుందనుకున్నాను. రాని రోగి గురించి మా డాక్టర్లు అనుకునే సుఖమైన మాట అదే.

పోయిన వర్షాకాలంలో అతని భార్య పదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. అతను పోయి నెల దాటిందట. డ్యూటీలో ఆయాసం వచ్చి, ఇన్‌హేలర్ కొట్టుకుంటూనే ఆసుపత్రి దారిలో పోయాడట. సంచిలోంచి ఒక అట్ట తీసింది. నా చీటీ. నా సంతకం కొత్తగా పెట్టినట్టే ఉంది.

"పాడైపోద్దని లామినేషన్ సేయించీసినాడు బాబూ. ఇది సూపిత్తే సాలు, షాపోడు ఈ పీల్సే పంపు ఇచ్చీసీవోడు. ఇప్పుడు పాపకీ ఇదే సూపించి కొంటన్నాను. ఏటో, తగ్గట్లేదు."

పాప గుండెల్లో పిల్లికూతలు విన్నాను. రోజూ పీల్చే మందు పెద్ద అక్షరాలతో రాశాను, ఎలా పీల్చాలో చూపించాను, మళ్ళీ ఏ రోజు రావాలో కూడా రాశాను. పాత చీటీ ఇచ్చెయ్యమన్నాను.

"అదెందుకు బాబూ? మీ అస్తవాసి మంచిది. ఆయన్ని ఇన్నాళ్ళూ కాపాడింది ఇదే కదా."

ఊరుకుంటే ఆ అట్ట మళ్ళీ షాపుకి వెళ్తుంది. అందుకే చెప్పేశాను.

"కాపాడలేదమ్మా. నేను సగం వైద్యమే చేశాను. తప్పు నాది."

ఆమె అట్టను టేబుల్ మీద పెట్టి, పాప చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఎత్తేసరికి, నేను రాసిన కొత్త చీటీ కూడా ఆ అట్ట పక్కనే ఉంది. బయటికి పరుగెత్తాను. రోడ్డు మీద వాళ్ళు కనపడలేదు.

రెండూ నా సొరుగులోనే ఉన్నాయి. ఆ పాప మళ్ళీ రాలేదు. ఈసారి మాత్రం తగ్గిపోయి ఉంటుందని అనుకోలేకపోతున్నాను.