మస్తాన్‌బీ టీచర్ ఆఖరి వంతు

ఎండలు ముదిరే ముందు, పొద్దున్నే నడకకు వెళ్ళి గుంటూరు పొలిమేర దాటితే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గొంతు పట్టుకుంటుంది. నాతో నడిచేవాళ్ళు దగ్గుతూ ముఖం తిప్పుకుంటారు. నేను నోరు మూసి, ముక్కుతో నెమ్మదిగా పీలుస్తూ, అడుగు ఆపకుండా సాగిపోతాను. అలా నేర్పినావిడ మస్తాన్‌బీ టీచర్. అద్దంకిలో నేను చదివిన బడికి ఆవిడ డ్రిల్లు టీచరు. "ఘాటుకి కాదే దగ్గొచ్చేది, నీ కంగారుకి" అనేవారు.

మాది ఒకప్పుడు పెద్ద ఇల్లు. నేను ఆ బడిలో చేరేనాటికి పొలాలు పోయాయి, పోటీ గిత్తలు పోయాయి, మా నడక మాత్రం మిగిలింది. మా ఇంటివాళ్ళు వాన వచ్చినా పరిగెత్తరు. తల ఎత్తుకొని, తడుస్తూ నడుస్తారు. అందుకే మొదటిరోజు మైదానంలో అందరూ చెప్పులు విడిచి పరిగెడుతుంటే నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. టీచర్ ఈల నోట్లోంచి తీసి నా దగ్గరకొచ్చారు.

"ఏమ్మా దొరసానీ, పల్లకీ రాలేదా?"

"మా ఇంట్లో ఆడపిల్లలు పరిగెత్తరండీ. పరువు తక్కువ."

"మీ తాతగారి గిత్తలు బండ లాగుతుంటే ఊళ్ళోవాళ్ళంతా చెట్లెక్కి చూశారు. అప్పుడు పోని పరువు నువ్వు పరిగెత్తితే పోతుందా? తియ్యి చెప్పులు!"

పిల్లలంతా నవ్వారు. నాకు ఎంత రోషం వచ్చిందంటే, ఆ రోషంతోనే అందరికన్నా ముందు గీత దాటాను. ఆ తరువాత రిలే జట్టులో చేర్చుకున్నారు. మొదటి వంతు నాకే కావాలని అడిగాను. ఆవిడ నన్ను మూడో చోట నిలబెట్టారు. "ముందెవరు, వెనకెవరు అని చూసుకునేది పెళ్ళి పంక్తిలో. ఇక్కడ కర్ర చేతికి అందాకే నీ వంతు. అందకుండా కదిలావో, అది పరుగు కాదు, పారిపోవడం" అన్నారు. మా ఇంట్లో నాకు ఎవరూ అలా చెప్పలేదు. చెప్పి ఉంటే వినేదాన్ని కాదేమో కూడా.

చాలా ఏళ్ళ తరువాత మా అన్నయ్య ఆ పాత ఇంటిని అమ్మేశాడు. నాకు చెప్పలేదు. కొన్నవాళ్ళు దూలాలు విప్పుతుంటే దారిన పోయే బంధువు ఒకరు చూసి నాకు ఫోన్ చేశారు. ఆ రోజు నుంచి అన్నయ్యతో మాటలు మానేశాను. తనూ ఒక్కసారి పిలవలేదు. ఒంగోలులో తను, గుంటూరులో నేను, ఎవరి మెడ వాళ్ళు నిటారుగా నిలబెట్టుకొని ఏళ్ళు గడిపాం. ఆ అమ్మకం తప్పని నేను ఇప్పటికీ అంటాను.

రిటైరయ్యాక మోకాళ్ళు పట్టేసిన టీచర్ ఫోన్లో పాత విద్యార్థులందరినీ ఒక గ్రూపులో చేర్చారు. మా కుటుంబాలను కూడా కలిపి, ఎవరి ఊళ్ళో వాళ్ళు పరిగెత్తే రిలే ఒకటి తలపెట్టారు. ఒకరు తమ వంతు ముగించి తరువాతివారికి వీడియో కాల్ చేసి, కర్ర అందిస్తున్నట్టు చెయ్యి చాపాలి. వాళ్ళు దాన్ని అందుకున్నట్టు చెయ్యి చాపి బయలుదేరాలి. నా తరువాత, ఆఖరి వంతు ఆవిడది. పరిగెత్తలేరు కనుక బడి మైదానం చుట్టూ నడుస్తానన్నారు. నాకు ముందు వంతు ఎవరిదో చూసి వెంటనే ఫోన్ చేశాను.

"టీచర్, నాకు అన్నయ్య అందించడమేమిటి?"

"వాడూ నా దగ్గర పరిగెత్తినవాడేగా."

"ఇంకెవరినైనా పెట్టండి."

"పెట్టను. నేను మళ్ళీ ఆ మైదానంలో నడవాలంటే మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. నీ ఇష్టం మరి."

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. తెరమీద అన్నయ్య. జుట్టు బాగా పలచబడింది. రొప్పుతూ చెయ్యి చాపాడు. నేనూ చాపాను.

"అయిందమ్మడూ."

"సరే అన్నయ్యా. మంచినీళ్ళు తాగు."

"తాగుతాలే. నీకూ నాన్న పోలికే వచ్చింది. కళ్ళజోడుతో అచ్చం ఆయనే."

పెద్దవాళ్ళు పెట్టేదాకా చిన్నవాళ్ళు ఫోన్ పెట్టకూడదన్నది మా ఇంటి మర్యాద. నేను పెట్టలేదు. ఇన్నేళ్ళకు దొరికిన చెల్లెలి ఫోన్‌ను తను ఎలా పెడతాడు? అమ్మ చేసే గోంగూర పచ్చడి గురించి మాట్లాడుకున్నాం, ఇంటి గురించి మాట్లాడుకున్నాం, అరుచుకున్నాం, ఏడ్చాం. ఎండ వీధిలోకి దిగాక గానీ నాకు పరుగు గుర్తు రాలేదు.

నా వంతు ముగించి టీచర్‌కు కాల్ చేస్తే ఆవిడ కోడలు ఎత్తింది. "ఇంతసేపూ గీత మీదే నిలబడ్డారండీ. కూర్చోమంటే కూర్చోలేదు, నడవమంటే అందలేదుగా అన్నారు. ఎండకి కళ్ళు తిరుగుతున్నాయంటే ఇంటికి తీసుకొచ్చేశాను" అంది. వెనకనుంచి టీచర్ గొంతు వినిపించింది. ఫోన్ లాక్కున్నారు.

"మాట్లాడుకున్నారా?"

"ఆఁ, టీచర్."

"ఎంతసేపు?"

"ఫోన్ వేడెక్కేదాకా."

"మరింకేంటే! నా వంతు ఎక్కడికి పోతుంది? వచ్చే ఆదివారం నడుస్తాలే."

ఆ ఆదివారానికి వానలు పట్టుకున్నాయి. మైదానం బురదయింది. తరువాత ఆవిడకు జ్వరం. పత్తి తీతలు మొదలయ్యేనాటికి టీచర్ లేరు. ఆ రోజు ఎండలో నిలబడినందుకు పోలేదని కోడలు నాకు చాలాసార్లు చెప్పింది. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆవిడ ఆ మైదానంలో ఒక్క చుట్టు నడుస్తుంటే చూడాలని ఉండేది నాకు. ఆవిడకు కూడా ఉండేది.

ఆవిడ వంతు మరొకరు పూర్తిచేస్తే బాగుంటుందని గ్రూపులో అప్పుడప్పుడు ఎవరో ఒకరు అంటారు. అన్నయ్యే ముందుగా వద్దంటాడు. ఇప్పుడు మేమిద్దరం వారం వారం మాట్లాడుకుంటాం. ఆవిడ కోరింది జరిగింది. ఆ పొద్దున తెరమీద అన్నయ్య చాపిన ఒట్టి చేతి నుంచి నేను ఒట్టి చేత్తోనే అందుకున్నాను. అది ఆవిడకు అందించాల్సింది. ఇంకా నా దగ్గరే ఉంది.