ముక్కు మునిగే విమానం

కంప్యూటర్‌లో విమానాలు నడిపే సిమ్యులేటర్ ఆటలో, నీటి మీద దిగే ఒక చిన్న విమానాన్ని మునగకుండా చేసింది నేనే. ఆ మార్పును పేరు రాయకుండా పంపాను, తయారుచేసినవాళ్లు చేర్చుకున్నారు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

డిగ్రీ రోజుల్లో అమలాపురంలో మా బాబాయిగారి ఇంటర్నెట్ సెంటర్‌లో మూల కంప్యూటర్ నాది. అందులోని సిమ్యులేటర్ ఉచితం. లోపలి ఫైళ్లు ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. ఎవరికి చేతనైనంత వాళ్లు చేసిపెట్టిన విమానాలు బోలెడు. ఒకదాంట్లో ప్రతి మీటరు ముల్లూ తిరిగేది. ఇంకోటి బయటికి పెళ్లికూతురిలా మెరిసేది, లోపల సీటు కూడా ఉండేది కాదు. ఆ సగం సగం పనులు చూస్తే నాకూ చోటుందనిపించేది.

గోదావరి మీద దిగాలని నా పట్టుదల. తెర మీద మా కొబ్బరితోటలు లేవు గాని పాయ మాత్రం ఉంది. విమానం నీటిని తాకగానే ముక్కు ముంచి తిరగబడేది.

"ఊరికే వచ్చిందాంట్లో నాణ్యం ఏముంటదమ్మా?" అన్నారు బాబాయిగారు. "దుబాయ్‌లో ఉన్న తమవాళ్లతో మాట్లాడ్డానికి జనం నిలబడున్నారు. ఆ ఆట తీసేత్తాను."

"దిగేదాకా తియ్యనివ్వనండి."

"ఓర్నీ, నీకు నోరుందా!" అని నవ్వేశారు. "సరే, సాయంత్రం దాకా చూత్తాను."

నేను రోజూ రేవు దాటి కాలేజీకి వచ్చేదాన్ని. అందరూ సైకిళ్లతో పడవ ముందుభాగంలోనే గుమిగూడితే, నడిపేవాడు అరిచేవాడు: "వెనక్కి జరగండమ్మా, ముక్కు ములిగిపోద్ది!"

ఫైలు తెరిచాను. ఇంజిను, పైలట్, పెట్రోలు, బరువంతా ముందే ఉంది. వెనక్కి జరిపాను. ఈసారి తోక మునిగింది. కాస్త ముందుకు తెచ్చాను.

"ఆడపిల్లకి విమానాలేంటండీ, లేపండి," అన్నారెవరో వెనక నుంచి. నేను విమానాన్ని పాయ మీదికి దించాను.

విమానం నీళ్లు చిమ్మింది, ఊగింది, నిలబడింది.

ఇక నేను లేవాలేమో అనుకున్నాను. బాబాయిగారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"మళ్లీ దించమ్మా, నేను సరిగ్గా చూళ్లేదు."