జొన్నరొట్టెలు కట్టిన గుడ్డ

ఉద్యోగ పరీక్ష కోచింగ్ కోసం నన్ను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చేర్చే ముందు నాన్న ఒక షరతు పెట్టాడు. అంతకుముందు ఏడాది బయటి తిండి తిని నేను పచ్చకామెర్లు తెచ్చుకున్నాను. మళ్లీ ఒంట్లో తేడా చేస్తే కోచింగూ లేదు, ఉద్యోగమూ లేదు, పెట్టె సర్దుకుని ఇంటికి రావాల్సిందే. అందుకే హాస్టల్ మెస్ ఉన్నా అమ్మ కృష్ణా జిల్లా నుంచి బస్సులో తిండి పంపుతూనే ఉండేది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. బంద్ అని తెలియగానే అమ్మ పులిహోర కలిపి, వేడివేడిగా ప్లాస్టిక్ డబ్బాలో కూరి, గాలి చొరకుండా మూత బిగించి, పైన కవరు చుట్టి పంపింది. బిగించి కడితే ఏదైనా నిలవుంటుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. తీరా మెస్ మూతపడ్డ రోజు డబ్బా తెరిస్తే లోపలంతా చెమట. మెతుకు పట్టుకుంటే తీగ సాగింది. అమ్మ కష్టమంతా చెత్తబుట్టలో పోస్తుంటే ఏడుపొచ్చింది. ఆకలికి కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. సందు చివర చాటుగా నడుస్తున్న బజ్జీల బండే దిక్కని చెప్పులేసుకున్నాను.

నా రూమ్మేట్‌ది పోచంపల్లి పక్క ఊరు, మగ్గం ఉన్న ఇల్లు. ఎల్బీనగర్‌లో ర్యాలీకి వెళ్లి అప్పుడే వచ్చింది. రాష్ట్రం సంగతి మాత్రం మేమిద్దరం గదిలో ఎత్తేవాళ్లం కాదు. డబ్బా వాసన చూసి, "ఉడుకుడుకుది మూతపెడ్తె ఆవిరి ఏడికి పోతది? అండ్లనే ఉండి పాడుచేస్తది. గా బజ్జీలు తినకు, కూసో" అంది.

మేకుకు వేలాడుతున్న మూట విప్పింది. నూలు గుడ్డ, మగ్గం మీద మిగిలిన ముక్క, అంచున సగంలో ఆగిపోయిన ఎర్ర పువ్వు. లోపల జొన్నరొట్టెలు. వాళ్లమ్మ తడి పోయేదాకా కాల్చి, పూర్తిగా చల్లారాక కట్టిందట. నా పులిహోర కంటే ముందొచ్చిన రొట్టెలవి. ఒక్క బూజు చుక్క లేదు. విరిస్తే పటుక్కుమంది. పల్లీల కారంతో తింటూ ఆ గుడ్డను వేళ్లతో తడిమాను, పొడిగా ఉంది. మూత లేదు, బిగింపు లేదు. ఇన్నాళ్లూ అమ్మా నేనూ పగ పట్టిన గాలిని ఈ గుడ్డ హాయిగా రానిచ్చి పోనిస్తోంది, తిండిని కాపాడుతోంది. బంద్ ముగిసేదాకా ఇద్దరం అవే తిన్నాం.

ఇదంతా ఫోన్లో అమ్మకు చెప్పాను. "మా అమ్మ అరిటాకులోనే కట్టేదే. నేనే డబ్బాల మోజులో పడ్డాను" అంది.

బస్సులు తిరిగాక రెండు మూటలొచ్చాయి, ఒకటి నాకు, ఒకటి నా రూమ్మేట్‌కు. చల్లార్చిన పులిహోర, వాడ్చిన అరిటాకు, పైన పాత నూలు చీర ముక్క. విప్పితే మెతుకు మెతుకూ విడివిడిగా, ఆకు వాసనతో ఉంది. ఇద్దరం చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయాం.

ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. టీవీ ముందు కూర్చుని ఉద్యమాన్ని రోజూ తిట్టిపోసే మనిషి. కడుపెలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. అమ్మ అంతా చెప్పినట్టుంది.

"ఆ అమ్మాయి పక్కనుంటే నాకు బెంగ లేదమ్మా. పరీక్ష రాశాకే రా" అన్నాడు.