ఖాజా భాయ్ కలిపిన వరస

ఒట్టు... ఇది నాకు జరిగింది. నవ్వుకోండి, పరవాలేదు. అసలు నవ్వాల్సింది నా తెలివిని చూసి.

హుస్సేనీ ఆలంలో ఓ అత్తర్ల దుకాణం. అక్కడ కంప్యూటర్ పని నాది. అత్తరు కలపడంలో వరస ముఖ్యం. బరువైన వాసన ముందు, గులాబీ చివర. ఏ మిశ్రమానికి ఏది ఎప్పుడు పోయాలో అన్నిటినీ కూర్చి ఒక్క జవాబుగా ఇచ్చే ఫంక్షన్‌ని డేటాబేస్‌లో ఖాజా భాయ్ రాశాడు. నాకు పని నేర్పింది ఆయనే. ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. "ఓసారి రా పంతులూ, దాని కిటుకు చెప్త." రేపు వస్తానన్నాను. ఆ రేపటికి ఆయన లేడు.

తర్వాత కొన్నాళ్లకు డేటాబేస్ కొత్త వెర్షన్‌కి మారాల్సి వచ్చింది. ఇలా సొంతంగా రాసుకున్న పాత ఫంక్షన్‌ని కొత్తది ఒప్పుకోదు. ముందు తీసేయాలి, మారాక కొత్త పద్ధతిలో మళ్లీ రాయాలి. తీసేశాను. మార్చాను. అప్పుడు చూసుకుంటే... నేను దాచిన కాపీలో డేటా మాత్రమే ఉంది. ఫంక్షన్ లేదు! అన్నిటికీ కాపీ పెట్టాను, బుద్ధికి తప్ప.

"పొద్దుగాల పెండ్లోళ్ల అత్తర్ కలపాలె. అయితదా పంతులూ?" తాళంచెవి ఇస్తూ అడిగాడు సేటు. తెర చూసి కలపడమే గానీ వరస ఆయనకూ తెలియదు.

"అయితది సేట్. ఫికర్ చెయ్యకు."

"నువ్వు గట్లంటేనే నాకు ఫికర్."

ఒక్కణ్ణే కూర్చున్నాను. నాకు తోచినట్టు రాశాను. గులాబీ ముందొచ్చింది. చెరిపేశాను. మళ్లీ రాశాను. మళ్లీ గులాబీ. అదీ చెరిపేశాను.

కరెంటు పోయింది. యూపీఎస్ కూత... కీఁ... కీఁ... దాని మధ్యలో, వెనక అరలో, సీసా మూత తిరిగిన చప్పుడు. కిర్ర్...

మెల్లగా ఖస్ అత్తరు, అదే వట్టివేరు వాసన. ఖాజా భాయ్ చొక్కా వాసన.

తిరిగి చూడలేదు. చూడాల్సింది.

ఇంకోసారి రాసి నొక్కాను. జవాబొచ్చింది... ఆ పేరుతో ఫంక్షన్ ఇప్పటికే ఉందట.

తెరిచాను. ఆయన రాతే. అలవాటుగా పైన ఓ మాట: 'జల్దీ ఏంది పంతులూ?'

పాత కాపీ ఎక్కడో దొరికిందనుకుందామా? అది కొత్త పద్ధతిలో ఉంది. ఆ వెర్షన్ వచ్చేనాటికే ఆయన లేడు. నిద్రమత్తులో నేనే రాశానా? అంత బాగా రాయడం నాకు రాదు.

నడిపాను. గులాబీ చివరికెళ్లింది.

ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి ఉంటే... ఇదంతా ఆయన నోటే వినేవాణ్ణి.

అయినా అంత భయపెట్టినందుకు కసి తీర్చుకున్నాను లెండి. ఫంక్షన్ పేరు మార్చి 'ఖాజా' అని పెట్టాను. ఫంక్షన్‌ని నడపడాన్ని మా పనిలో పిలవడం అంటాం. ఇప్పుడు రోజూ షట్టర్ లేవగానే దుకాణం మొట్టమొదట ఆయన్నే పిలుస్తుంది. రేపొస్తానంటే కుదరదు.