పసుపు నీళ్ళలో ముంచిన గడ్డం బ్రష్

పక్షవాతం మా ఆయన కుడి చేతినీ, మాటనూ తీసుకుపోయింది. ఎడమ చేయి, చూపు, వినికిడి, ఆకలి మిగిలాయి. పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు ఆ మిగిలినవాటికే దండం పెట్టుకుంటాను.

ఆయన గుమ్మడిదల దగ్గర మందుల కంపెనీలో పనిచేశారు. అక్కడ గడ్డంతో లోపలికి రానివ్వరు. అందుకని ఆ పనిలో ఉన్నన్నాళ్ళూ రోజూ తెల్లవారకముందే వాకిట్లో అద్దం పెట్టుకుని గీసుకునేవారు. మంగళవారం, శుక్రవారం ఇంట్లో గడ్డం గీయకూడదని నేను సణిగితే, "కంపెనీకి శుక్రారం లేదే, షిఫ్టే ఉంటది" అని నవ్వేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. మళ్ళీ వినబడదని అప్పుడేం తెలుసు?

ఆసుపత్రి నుంచి వచ్చాక గడ్డం పెరగసాగింది. సెలూన్లో పనిచేసే బీహారతన్ని ఇంటికి పిలిపించాను. మిషన్ గుర్రుమనగానే ఆయన గోడవైపు తిరిగిపోయారు. "మాతాజీ, యే నహీ మాన్తే" అని, ఈయన ఒప్పుకోవట్లేదంటూ అతను సామాను సర్దుకున్నాడు. డబ్బాలోంచి ఉబికే నురగ తెచ్చి నేనే రాశాను. చర్మం మంటపుట్టి కందిపోయింది. ఆయన పాత బ్రష్ చూస్తే బోడిదైపోయింది. నైలాన్‌ది తెస్తే గుచ్చుకుంది. ఇగ అప్పటినుంచి నేను మగ్గు పట్టుకుని వస్తున్నానంటే చాలు, ముఖం గోడకు తిప్పేవారు.

మాకు పిల్లలు లేరు. పక్క గదుల్లో కిరాయికి ఉండే ఒడిశా పిల్లలు షిఫ్టులకు పోయి వస్తుంటారు. వాళ్ళ ఫోన్లలో వాళ్ళమ్మల గొంతులు గోడ దాటి మా ఇంట్లోకి వినిపిస్తాయి. మా ఇంట్లో మాత్రం నా గొంతు ఒక్కటే. అన్నం కలిపానని చెప్పినా, వాన వచ్చేలా ఉందని చెప్పినా, జవాబు రాదు. ఆయన నాతో చెబుతున్న ఒకే ఒక మాట, ముఖం తిప్పుకోవడం. ఆ ముఖం ఒక్కసారి నావైపు తిరిగితే చాలనుకున్నాను.

మందులకోసం సంగారెడ్డి పోయిన రోజు పాత బజారులో ఒక ఫ్యాన్సీ దుకాణం ఎక్కాను. గల్లా దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. మెత్తగా ఉండే గడ్డం బ్రష్ కావాలన్నాను.

"ఎవరికి చెల్లె?"

"మా ఇంటాయనకు, భాయ్. వెంట్రుకేమో గట్టిది. తోలేమో పల్చగైంది. పక్షవాతం."

ఆయన అద్దాల బల్ల మీద రెండు బ్రష్‌లు పెట్టాడు. మూడోదాన్ని డబ్బాలోంచి తీయకుండా, డబ్బాతో సహా నావైపు జరిపాడు.

"ఇది నువ్వే తీస్కో. నేను ముట్ట."

"ఏందట్ల? కరుస్తదా?"

"కరిస్తే మంచిగనే ఉంటుండె. చెల్లె, ముందుగాల్నే చెప్తున్న, తర్వాత నన్ను తిట్టకు. గిండ్ల పంది వెంట్రుకలున్నయ్. సగం అవి, సగం బ్యాడ్జర్‌వి. అది బయటి దేశంల బొరియలు తవ్వుకుని ఉండే జంతువు. పందివి గట్టిగుంటయ్, గడ్డాన్ని లేపుతయ్. దానివి మెత్తగుంటయ్, నీళ్ళు పట్టుకుంటయ్. మీ ఆయనకు ఇదే సరిపోతది."

"ముట్టనిదాన్ని ఎందుకు అమ్ముతున్నవ్ మరి?"

"మాల్ పంపెటోడు అన్నిట్ల కలిపి పంపిండు. మా అబ్బాజాన్ బతికుంటే నన్ను, డబ్బాను కలిపి రోడ్డు మీదికి తోలుతుండె."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదుగానీ, టోపీ సర్దుకున్నాడు.

అది అమ్ముడుపోవాలని ఆయనకు లేదు, కొనాలని నాకూ లేదు. మా ఇంట్లో వంటగదిని ఆనుకునే దేవుడి గూడు. దాని ముందునుంచే పంది వెంట్రుకలు తీసుకుపోవాలి. అయినా డబ్బాలోంచి తీసి ముంచేతి మీద తిప్పి చూశాను. ముందు మెత్తగా తగిలింది, లోపలెక్కడో గట్టిగా నిలబడింది. చేయి దానంతట అదే బల్ల మీద 'అ' రాసింది.

నేను బడికి పోలేదు. మా నాయన గడ్డం గీసుకుంటూ, బ్రష్‌తో షాబాదు బండ మీద అక్షరాలు రాసేవాడు. నురగ ఆరిపోయేలోపల నేను వేలితో దిద్దాలి. ఆయన బ్రష్‌ది కూడా ఇదే పట్టు. అందులో ఏ వెంట్రుకలుండేవో ఆ కాలంలో ఎవరు అడిగారు?

"ఇదే ఇయ్యి భాయ్."

ఆయన కాగితం నాచేతికిచ్చి, "నువ్వే చుట్టుకో. అల్లా మీ ఆయనకు నయం చెయ్యాలె" అన్నాడు. ఆ దీవెనకు బస్సులో కూడా దండం పెట్టుకుంటూ వచ్చాను. భూమిని లేపడానికి స్వామి వరాహమై రాలేదా, ఆ స్వామికి లేని అంటు నాకెందుకని సర్దిచెప్పుకున్నాను. అయినా మనసు ఒప్పలేదు. ఇంటికి రాగానే బాత్రూం మగ్గులో పసుపు చిక్కగా కలిపి, బ్రష్‌ను పొద్దుగూకేదాకా నానబెట్టాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి కిటికీలో ఆరబెట్టాను. తెల్లటి కొసలు చామంతి రంగుకు తిరిగాయి. శుద్ధి అయిందనుకున్నాను.

మరునాడు పొద్దున ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పాత అద్దం ఎదురుగా పెట్టాను.

"జెర ఇటు తిరుగయ్యా. ఇది గుచ్చది. నేను చూసిన."

తిరగలేదు. గోడవైపే ఉన్న ముఖానికి, నాకు అందిన చెంప మీద సబ్బు పట్టించిన బ్రష్ తిప్పాను. ఈసారి తల వెనక్కి లాక్కోలేదు. నురగ దట్టంగా వచ్చింది. చూస్తుండగానే తెల్లగా ఉన్నది ఎర్రబడసాగింది.

చెంప కోసుకుందనుకున్నాను. తువ్వాలు తీసి అద్దాను, తలకాయ వంచి గాయం వెతికాను. బ్లేడింకా కాగితంలోంచి తీయనేలేదని అప్పుడు చూసుకున్నాను. పసుపుకు సబ్బు తగిలింది. పెళ్ళి బట్టలు ఉతికిన ఏ ఆడదానికి తెలియదు, పసుపు మరక సబ్బుకు ఎర్రబడుతుందని? ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు గుమ్మంలో ఆయనకు దిష్టి తీసిన ఎర్రనీళ్ళ రంగే ఇప్పుడు చెంప మీద.

"పంది వెంట్రుకలని పసుపుల ముంచిన" అన్నాను, ఇంకెవరికి చెప్పుకోను. "సంగారెడ్డి సాబేమో ముట్టనే లేదు. నేను ముట్టి గిట్ల చేసిన."

ఆయన మెల్లగా అద్దంవైపు తిరిగారు. ఎర్రటి తన చెంపను చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. మూతి ఒక పక్కకే పోయింది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకుని వంగి చూస్తే, కాదు, నవ్వు. చప్పుడు లేని నవ్వు.

ఎడమ చేయి చాపి నా చేతిలోంచి బ్రష్ తీసుకున్నారు. మగ్గులో ముంచి మెడకూ, చెవికీ, మీసానికీ, ఎక్కడపడితే అక్కడ రాసుకున్నారు. రాసుకుని, వాకిట్లో అద్దం ముందు చేసినట్టే గడ్డం పైకెత్తి, చెంపను నావైపు చాపారు.

నేను బ్లేడ్ విప్పాను. ఇవాళ ఏ వారమో గుర్తొచ్చేసరికి ముఖమంతా నురగే. చేయి ఆగింది. ఆయన కళ్ళు తెరిచి, ఏమైందన్నట్టు చూశారు. ఆయన అనవలసిన మాట కోసం కొంచెంసేపు ఎదురుచూశాను. పక్క గదిలో ఎవరిదో ఫోను మోగి ఆగింది.

"కంపెనీకి శుక్రారం లేదే" అని నేనే అని, గీయడం మొదలుపెట్టాను.