తెలుగు మాట్లాడదామని వెళ్ళిన కొండ

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. రబ్బరు తోట బడిలో తమిళంలో ఆరో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించారు. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మలేషియాలో సుంగై పెటాని అనే ఊళ్ళో ఒక్కదాన్నే ఉంటాను. మా ఆయన పోయాక మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. పక్కింటివాళ్ళతో తమిళం, మార్కెట్లో మలాయ్, క్లినిక్‌లో వచ్చినంత ఇంగ్లీషు. మా అక్క కూతురికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట మొదలుపెట్టిన కాసేపటికే తమిళంలోకి వెళ్ళిపోతుంది. కొన్నిసార్లు పడుకోబోయే ముందు గుర్తొస్తుంది, ఈ రోజంతా తెలుగులో ఒక్క మాట కూడా అనలేదని.

సముద్రం అవతల ఉన్న సారవాక్ కొండల మీదికి ఒక టూరు ఉందని మా అక్క కూతురే చెప్పింది. కెలాబిట్ అనే కొండ జనాల పొడుగింట్లో ఉండాలి. పొడుగిల్లంటే చాలా కుటుంబాలు ఒకే కప్పు కింద వరసగా ఉండే ఇల్లు. వాళ్ళ తిండి తినాలి, గైడు వెంట అడవి దారుల్లో నడవాలి.

"నా మోకాళ్ళు సూసినావా? నాకు కొండేటి, గుట్టేటి?" అన్నాను.

"పిన్నీ, ఆ గ్రూపుల తెలుగోళ్ళు ఉన్నారు లా. ఇండియా నుంచి వచ్చినారు. పోయి నల్లా పేసు," అంది. వెళ్ళి బాగా మాట్లాడుకో అని.

ఆ మాటకే ఒప్పుకున్నాను. కొండ చూడాలని కాదు, తెలుగు మాట్లాడాలని వెళ్ళాను. బట్టలు సర్దుకుంటూ ఏమేం అడగాలో కూడా అనుకున్నాను. మీ వైపు ఇప్పుడు ఏం కూరలు వండుతారు, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఇంకా పాటలు పాడతారా, ఇలాంటివి.

మిరి ఊరి నుంచి కొండ మీదికి చిన్న విమానం. అందులో ఎక్కాలంటే సంచితో సహా మనిషిని కూడా తూకం వేస్తారు. నా ముందు ఒక కుర్ర జంట నిలబడి ఉంది. ఆ అమ్మాయి కాటా ఎక్కుతూ మొగుడి కళ్ళు చేత్తో మూసింది.

"నువ్వు చూడకు! చూశావంటే నేను విమానం ఎక్కను, నడిచే వస్తా."

"చూడ్డం దేనికి? రేపు కొండ మీద నిన్ను మోసేది నేనేగా. అప్పుడు ఎలాగూ తెలుస్తుంది," అన్నాడు అతను.

నేను పైకే నవ్వేశాను. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"ఆంటీ, మీరు తెలుగా?" అంది ఆ అమ్మాయి.

"తెలుగేనమ్మా. సుంగై పెటాని నుంచి వచ్చినాను."

"అది కాదు ఆంటీ, ఇండియాలో ఏ ఊరు?" అన్నాడు అతను.

"ఏటి సెప్పమంటావు బాబూ. మా తాత ఓడెక్కి వచ్చినాడు. సికాకోళం పక్క అని మా నాయన సెప్పినాడు. నాను సూడనేదు."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఎంత క్యూట్‌గా ఉందో! మా ఫ్రెండ్స్‌కి వినిపించాలి. ఆంటీ, ప్లీజ్, మళ్ళీ అనండి, 'ఏటి సెప్పమంటావు' అని." అప్పటికే ఫోను నా మొహం ముందుకు వచ్చింది.

అన్నాను. చెయ్యి కదిలిందని ఇంకోసారి అడిగితే ఇంకోసారి అన్నాను.

ఆ అమ్మాయి మంచిదే. విమానంలో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది. కానీ ఆ తర్వాత నాకు నోరు రాలేదు. ఒక మాట అనాలనుకుంటే ముందు లోపల అనుకుని చూసుకునేదాన్ని, ఇది వీళ్ళకి ఎలా వినపడుతుందో అని. చూసుకునేసరికి అనాల్సిన సమయం దాటిపోయేది. చివరికి వాళ్ళతో నేను వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడాను, వాళ్ళూ నాతో ఇంగ్లీషే మాట్లాడారు.

ఆ ఊరు బారియో. చుట్టూ కొండలు, మధ్యలో వరి మడులు, చల్లగాలి. టూరుకి వచ్చింది మేం ముగ్గురమే. మా గైడు నలభై ఏళ్ళ మనిషి, నన్ను మక్‌చిక్ అనేవాడు, మలాయ్‌లో ఆంటీ అని. పొడుగింట్లో వాళ్ళ అమ్మ ఉండే భాగంలోనే మాకు చాపలు, దుప్పట్లు ఇచ్చారు.

మొదటి సాయంత్రం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఆ జంట అంతకు ముందు ఏడాది ఆఫ్రికాలో, ఇథియోపియా కొండల మీద ఇలాగే నడిచారట. అక్కడి ఇళ్ళలో కాఫీ గింజలు మన ఎదుటే వేయించి, దంచి, మూడుసార్లు పోసి ఇస్తారట, మధ్యలో లేవకూడదట. ఇదంతా గైడుకి ఇంగ్లీషులో చెబుతున్నారు. నాకు సగం అర్థమైంది. అదే కథ తెలుగులో చెబితే ఎంత బాగుండేదో అనుకుంటూ మూడో కప్పు తర్వాత ఏం జరుగుతుందో అడగకుండానే ఊరుకున్నాను.

గైడు వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాడు. బిడ్డ పుడితే తల్లీ తండ్రీ కొత్త పేరు పెట్టుకుంటారట. మనవలు పుడితే ఇంకో పేరు. ఊరంతా పిలిచి విందు చేస్తారట. వాళ్ళ అమ్మకి ఇప్పుడున్నది మూడో పేరు.

"మరి మక్‌చిక్‌కి ఎన్ని పేర్లు రావాలి?" అని మలాయ్‌లో అడిగాడు.

"ఒకటే. నాకు పిల్లలు లేరు," అన్నాను. అతను తలూపి పొయ్యిలోకి కట్టె తోశాడు.

మర్నాడు ఉప్పు ఊట దగ్గరికి నడక. ఆ నీళ్ళు కాచి ఉప్పు తీస్తారు. ముందు గైడు, తర్వాత ఆ జంట, చివర నేను. వాళ్ళ నవ్వులు చెట్ల మధ్య నుంచి వినపడేవి, మనుషులు కనపడేవాళ్ళు కాదు. మలుపు దగ్గర ఆగి ఉండేవాళ్ళు. నేను చేరగానే "ఓకే ఆంటీ?" అని మళ్ళీ కదిలేవాళ్ళు. అలా రోజంతా చేరడం, విడిపోవడం.

ఆ మర్నాడు ఎత్తైన కొండ ఎక్కాలి. నా మోకాళ్ళు వాచాయి. "మక్‌చిక్, మా అమ్మ దగ్గర ఉండండి," అన్నాడు గైడు. వాళ్ళు వెళ్ళారు. వాన మొదలైంది.

గైడు వాళ్ళమ్మ చెవి తమ్మెలు భుజాల దాకా సాగి ఉన్నాయి. మెత్తగా ఉడికించిన అన్నం ఎనిపి, వేడివేడిగా ఆకుల్లో మడుస్తోంది. నేను పక్కన కూర్చుని ఒక ఆకు తీసుకున్నాను. మలాయ్‌లో ఏదో అడిగాను. ఆవిడకి మలాయ్ పెద్దగా రాదు, ఏదో ఒక మాట అని ఇంకో ఆకు మడిచింది. అన్నం వేలికి అంటుకుంది.

"ఓలమ్మో, సుర్రుమన్నాది!" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. తన భాషలో ఏదో గట్టిగా అంది, చెయ్యి నీళ్ళలో పెట్టు అన్నట్టు గిన్నె తోసింది.

"ముందే సెప్పాల కదమ్మా, కాలినాక సెప్తే ఏటి లాబం?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పింది. నేనూ చెప్పాను. ఎప్పుడు మొదలైందో తెలియదు, వాన తగ్గేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. తోటలో మా అమ్మ తెల్లారకుండానే రబ్బరు పాలు తియ్యడానికి వెళ్ళడం, మా ఆయన లారీ, గర్భం రెండుసార్లు నిలవకపోవడం, ఒక్కదానికే వండుకుంటే కూర రుచి రాకపోవడం. గోడకి తగిలించిన చేట చూసి "సేట" అన్నాను. ఎన్నేళ్ళయిందో ఆ మాట నా నోట వచ్చి. మా ఇంట్లో చేట లేదు, ఆ మాటతో పనీ లేదు. ఆవిడ కూడా చెప్పింది చాలా. వేళ్ళతో ఎవరినో లెక్కపెట్టింది, కొండవైపు చూపించింది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. నేను "అవునమ్మా, అవును" అన్నాను. దేనికన్నానో నాకు తెలియదు.

"ఆంటీ!"

గుమ్మంలో ఆ అమ్మాయి, తడిసి ముద్దై నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"ఆపేశారేం ఆంటీ? చెప్పండి, నేనూ వింటాను," అంది తెలుగులో. ఫోను సంచిలోంచి తీసి నాకు చూపించి మళ్ళీ సంచిలో పెట్టేసింది. "రికార్డ్ చెయ్యను. ఒట్టు."

వచ్చి పక్కన కూర్చుంది. నిజంగానే వినడానికి కూర్చుంది. నేను ఎంత వెతుక్కున్నా ఒక్క మాట దొరకలేదు.

"ఏటీ లేదమ్మా. అన్నం మడుస్తన్నాం," అన్నాను.

ఆ అమ్మాయి బట్టలు మార్చుకోవాలని లేచి వెళ్ళింది.

బయల్దేరే రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని పెద్దగా ఏదో చెప్పింది. ఏమంటోంది అని గైడుని అడిగాను. అతను చెప్పాలా వద్దా అని తల గోక్కుని, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాడు.

"ఒక్క ముక్క అర్థం కాలేదట. మీరు చాలా ఎక్కువ మాట్లాడతారట."

ఆ జంట పడీపడీ నవ్వారు. "ఎవరు, ఆంటీయా? మాతో పది మాటలు కూడా మాట్లాడలేదు!" అన్నాడు అతను. ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను. మా ఆయన కూడా అదే అనేవాడు, నోటికి కాస్త సెలవియ్యవే అని. ఆయన పోయాక ఎవరూ అనలేదు. అనాలంటే ముందు నేను మాట్లాడాలి కదా.

విమానం లేచింది. ఆ చప్పుడులో పక్క మనిషి మాట కూడా వినపడదు. ఆ జంట ఒకరి మీద ఒకరు తల వాల్చి నిద్రపోయారు. నేను కిటికీ అద్దానికి మొహం ఆనించి, కింద జరిగిపోతున్న వరి మడుల గురించి, పొడుగింటి పొగ గురించి, కాలిన వేలి గురించి, పైకే తెలుగులో చెప్పుకుంటూ మిరి దాకా వచ్చాను.